ఆటలో అరటిపండు ఓడలు

చిన్నప్పుడు ప్రతి వీధిలోనూ ఒకడుండేవాడు. వయసు చాలదు, పరుగు రాదు, కానీ "వీణ్ణి కూడా ఆడించండ్రా" అని వాళ్ళమ్మ ఆర్డరు. సరే రమ్మని చేర్చుకునేవాళ్ళం, ఆటలో అరటిపండుగా. వాడు దొరికినా దొంగ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. ఈ టపా అలాంటి ఓడల గురించి. అంటే ఫిరంగులు పెట్టుకుని తిరిగిన వర్తక నౌకల గురించి. చరిత్రలో వాటికి పెద్ద పనే ఉంది గానీ, బల్ల మీద ఆడే నౌకాయుద్ధాల్లో మాత్రం వాటిది అరటిపండు వేషమే. అలా ఉండక్కర్లేదని నా వాదన.

ఈ పిచ్చి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. చిట్టి చిట్టి ఓడ బొమ్మలు, ఓ స్కేలు, నాలుగు పాచికలు, ఓ నిబంధనల పుస్తకం ఉంటే నౌకాయుద్ధం మొదలెట్టెయ్యొచ్చు. తెరచాప ఓడలకి ఎక్కువగా వాడే కొలత 1:1200. అంటే 60 మీటర్ల ఓడ బల్ల మీద 5 సెంటీమీటర్లు. 2013లో వచ్చిన సెయిల్స్ ఆఫ్ గ్లోరీ 1:1000 వాడితే, 2019లో వచ్చిన బ్లాక్ సీస్ 1:700కి వెళ్ళింది. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోకండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కనిపెట్టిన గైగాక్స్, ఆర్నెసన్‌లు దానికి రెండేళ్ళ ముందు, 1972లో, మైక్ కార్‌తో కలిసి తెరచాప ఓడల యుద్ధాలకే నిబంధనలు రాశారు. మన గేమింగ్ పరిశ్రమ ముత్తాతల్లో ఓడలు కూడా ఉన్నాయన్నమాట :-)

"విజయపురి సౌత్ వాడివి, నీకు ఓడలేంటి?" అని ఆఫీసులో అందరూ అడిగేదే. న్యాయమే. మాది సాగర్ డ్యాం కుడిగట్టు. సముద్రం చూడాలంటే బాపట్ల దాకా పోవాలి. పల్నాడులో యుద్ధం అంటే కారంపూడి, కోడిపందెం, నాగమ్మ, బ్రహ్మనాయుడు. మాకు తెలిసిన పెద్ద ఓడ నాగార్జునకొండ మ్యూజియానికి పోయే లాంచీ. అయితే నీళ్ళ ఒడ్డున పెరిగినవాడికి పడవ మీద మనసు పోవడానికి సముద్రమే అక్కర్లేదు కదా.

సరే, అసలు విషయానికొద్దాం.

ఈ ఆటల్లో ఒక్కో ఓడకి ఒక కార్డుంటుంది. పొట్టు ఎంత దెబ్బకి తట్టుకుంటుంది, తెరచాపలు ఎన్ని, ఫిరంగులు ఎన్ని, సిబ్బంది ఎలాంటివాళ్ళు. యుద్ధనౌకకి ఇవన్నీ లెక్కకట్టి రాస్తారు. వర్తక నౌక దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళు చేసే పని మీకందరికీ తెలిసిందే. వార్‌షిప్ అని ఒక క్లాసు రాసి, దాన్నుంచి మర్చంట్‌షిప్‌ని ఇన్హెరిట్ చేసి, నంబర్లన్నీ సగానికి కొట్టెయ్యడం. సిబ్బంది దగ్గర "నాసి" అని ఒక మాట. అయిపోయింది. కోడ్ కంపైల్ అవుతుంది, టెస్టులు కూడా పాసవుతాయి. కానీ మోడల్ అబద్ధం.

ఎందుకు అబద్ధమో చెప్పడానికి మన వైజాగే ఉంది.

1804 సెప్టెంబరు 15. ఇప్పటి వైజాగ్ ఓడరేవు 1933లో గానీ తెరుచుకోలేదు కాబట్టి, అప్పట్లో ఓడలు తీరానికి ఎడంగా లంగరేసుకునేవి. అలల మీదుగా సరుకు మోసేది మసులా పడవలు. ఆ రోజు విశాఖపట్నం ముందు మూడు ఇంగ్లీషు ఓడలున్నాయి. ఒకటి 50 ఫిరంగుల యుద్ధనౌక సెంచూరియన్. మిగిలిన రెండూ వర్తక నౌకలు, ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ. వాటిమీదికి ఫ్రెంచి అడ్మిరల్ లినోవా మూడు ఓడలతో వచ్చాడు. 74 ఫిరంగుల మరెంగో, 40 ఫిరంగుల అటలాంత్, 36 ఫిరంగుల సెమియాంత్. మొత్తం 150. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పటికి ఒడ్డున ఉన్నాడు. ఫస్ట్ లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాడు, మధ్యలో తెరిపి దొరికినప్పుడు లిండ్ పడవలో వచ్చి ఓడెక్కాడు. మధ్యాహ్నం దాకా కొట్టుకున్నారు. చివరికి ఫ్రెంచివాళ్ళు వెనక్కి మళ్ళారు, సెంచూరియన్ మిగిలింది.

మరి ఆ రెండు వర్తక నౌకలు? బార్నబీ లంగరు తాళ్ళు కోసుకుని ఒడ్డుకి కొట్టుకుపోయి అలల్లో పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ ఒక్క ఫిరంగి కూడా పేల్చకుండా లొంగిపోయింది.

"చూశావా, అరటిపండే కదా" అంటారా? ఆగండి. అదే లినోవా, అదే మరెంగో, ఏడు నెలల ముందు. 1804 ఫిబ్రవరి 14, 15 తేదీలు. మలయా దగ్గర పులో అవురా అనే ద్వీపం. చైనానుంచి టీ, పట్టు వేసుకుని ఈస్టిండియా కంపెనీ ఓడలు ఇంటికి పోతున్నాయి. 16 పెద్ద కంపెనీ ఓడలు, వాటితోపాటు ఆసియా రేవుల మధ్య తిరిగే ఓడలు, చిల్లరా మల్లరా కలిపి 29. కాపలాకి ఒక్క అసలైన యుద్ధనౌక లేదు. సరుకు విలువ సుమారు 80 లక్షల పౌండ్లు. నాయకుడు నథానియెల్ డాన్స్ అనే కంపెనీ కెప్టెన్. ఆయన పారిపోలేదు. ఓడల్ని యుద్ధనౌకల్లా వరస కట్టించాడు, కొన్నిటిమీద నేవీ జెండాలెత్తించాడు, రాత్రంతా దీపాలు పెట్టించి "రా చూసుకుందాం" అన్నట్టు నిలబడ్డాడు. మర్నాడు ముక్కాలు గంట కాల్పులు. లినోవా వెనుదిరిగాడు. అక్కడితో ఆగలేదు, ఈ టీ బండ్లు యుద్ధనౌకల్ని రెండు గంటలపాటు తరిమాయి! డాన్స్‌కి సర్ బిరుదొచ్చింది. నెపోలియన్ లినోవా మీద మండిపడ్డాడు.

ఒకే ఏడాది, ఒకే అడ్మిరల్, ఒకే రకం ఓడలు. ఒకచోట నోరెత్తకుండా లొంగిపోయాయి, ఇంకోచోట తరిమికొట్టాయి. "నంబర్లు సగం, సిబ్బంది నాసి" అని రాసిన కార్డు ఈ రెండిట్లో దేన్నీ చూపించలేదు.

ఇంతకీ తేడా ఎక్కడుంది? ఓడ కట్టడంలో అయితే కాదు. 1795లో బ్రిటిష్ నేవీకి ఓడలు చాలక ఈస్టిండియా కంపెనీ ఓడల్నే కొని ఫిరంగులు మార్చి వాడుకుంది. గ్లాటన్, కలకత్తా అలా వచ్చినవే. దూరాన్నుంచి చూస్తే పెద్ద కంపెనీ ఓడకీ చిన్నపాటి యుద్ధనౌకకీ తేడా చెప్పడం కష్టం. అసలు తేడా ఫిరంగుల బరువులో ఉంది, అంతకంటే ఎక్కువ మనుషుల్లో ఉంది.

చిన్న లెక్క వేద్దాం. 74 ఫిరంగుల ఫ్రెంచి ఓడ ఒక పక్క పేలిస్తే మామూలుగా 36 పౌండ్లవి 14, 18 పౌండ్లవి 15, 8 పౌండ్లవి 8. మొత్తం 838 పౌండ్ల ఇనుము. 36 ఫిరంగుల కంపెనీ ఓడకి అన్నీ 18 పౌండ్లవే అని ఉదారంగా ఒప్పుకున్నా, ఒక పక్క 324. ఇది సగం కంటే తక్కువే. కానీ అసలు చిక్కు ఇది కాదు. 18 పౌండ్ల ఫిరంగి ఒక్కోదానికి తొమ్మిది, పది మంది కావాలి. 18 ఫిరంగులకి 160 మంది పైమాటే. కంపెనీ ఓడలో మొత్తం సిబ్బంది 140కి అటూ ఇటూ. అంటే వంటవాడితో సహా అందరూ ఫిరంగుల దగ్గరికొచ్చినా చాలరు, పైగా అప్పుడు తెరచాపలు చూసే నాథుడుండడు! మరెంగోలాంటి ఓడలో ఉండేది సుమారు 700 మంది. ఫిరంగులు ఉండడం వేరు, పేలడం వేరు. సర్వర్లు వంద ఉన్నాయి గానీ చూసుకునే అడ్మిన్ ఒక్కడే అన్నట్టు.

అందుకే నా కార్డుల్లో ఫిరంగుల సంఖ్యకి పెద్ద విలువ లేదు. పదిమందికి ఒక బిళ్ళ. కంపెనీ ఓడకి 14 బిళ్ళలు, మరెంగోకి 70. ప్రతి వంతులోనూ ఆ బిళ్ళల్ని తెరచాపలకి, ఫిరంగులకి, మీదికి దూకేవాళ్ళని అడ్డుకోవడానికి పంచుకోవాలి. ఇది పెట్టగానే వర్తక నౌక ఆడేవాళ్ళకి ప్రతి వంతూ ఒక తలనొప్పే. పారిపోతే కాల్చలేరు, కాలిస్తే తిరగలేరు. అసలు కెప్టెన్ల తలనొప్పి కూడా అదే. 1800 అక్టోబరు 7న బంగాళాఖాతంలో కెంట్ అనే పెద్ద కంపెనీ ఓడని 18 ఫిరంగుల చిన్న ఓడతో సర్కూఫ్ పట్టుకున్నాడు. ఎలా? ఫిరంగుల లెక్కల జోలికే పోకుండా, అంటుకుని, మనుషుల్ని మీదికి దూకించి.

ఈ నిబంధనల్ని సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు బయటికి తీశాను. బొమ్మలు కొనే స్తోమత కంటే ఓపిక ఎక్కువుంది కాబట్టి 1:600లో మేమే చేశాం. పొట్టుకి థర్మాకోల్, కొయ్యలకి ఈనెపుల్లలు, తెరచాపలకి పాత శుభలేఖల అట్ట. (మరెంగో పెద్ద తెరచాప మీద ఇప్పటికీ "సుముహూర్తం" అని కనిపిస్తుంది.) హాల్లో నీలం దుప్పటి పరిచి విశాఖపట్నం పెట్టాం. మా అన్నకొడుకు సెంచూరియన్, మా బావ ఫ్రెంచివాళ్ళు. మా అమ్మాయికి ప్రిన్సెస్ షార్లెట్ ఇచ్చాను, పేరు చూసి మురిసిపోతుందని.

మొదట మామూలు నిబంధనలతోనే ఆడించాను, తేడా అందరికీ తెలియాలని. మా అమ్మాయి వీరోచితంగా కాల్చింది. మూడో వంతుకి ఓడ ముక్కలు. "నాన్నా, అసలు నా ఓడ ఆటలో ఉన్నట్టా లేనట్టా?" అంది. సరిగ్గా అదీ ప్రశ్న.

మా బావకి మాచర్లలో రెండు లారీలున్నాయి. సీజన్లో మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకి తోలతాడు. ఆయన దుప్పటి పక్కనే కూర్చుని తాపీగా అన్నాడు.

"అది కాదమ్మా, నువ్వసలు ఎందుకు కాల్చావు? రాత్రిపూట లారీకి ఎవడన్నా అడ్డం పడితే మా డ్రైవరుకి నేను చెప్పేది ఒకటే. తాళాలిచ్చెయ్, దిగిపో. సరుకు పోతే ఇన్సూరెన్సో దేవుడో చూసుకుంటారు. డ్రైవరు పోతే వాళ్ళింటికెళ్ళి నేనేం చెప్పాలి?"

ప్రిన్సెస్ షార్లెట్ ఎందుకు కాల్చలేదో ఇంత తేలిగ్గా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. యుద్ధనౌకకి పోరాటమే పని. వర్తక నౌకకి పోరాటం ఒక ఖర్చు. గెలుపు అంటే రేవు చేరడం. మన తీరానికి ఇది కొత్త సంగతి కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ వేయించాడు, అంత ముఖ్యం వ్యాపారం. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం చూడండి. తుపానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకుని పూర్వపు రాజులు లాక్కునేవాళ్ళట. మేమలా చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని మాటిచ్చాడు. ఓడ వర్తకుడికి తుపానూ శత్రువే, ఒడ్డున కూర్చున్న రాజూ శత్రువే. అన్నీ దాటి సరుకు దిగితే అదే విజయం.

కాబట్టి వర్తక నౌకకి గెలుపు లెక్క వేరుగా పెట్టాను. మనుషులకి కొన్ని పాయింట్లు, సరుకుకి కొన్ని, ఓడకి కొన్ని. లొంగిపోతే మనుషుల పాయింట్లు దక్కుతాయి, సరుకూ ఓడా శత్రువు ఖాతాలో పడతాయి. ఒడ్డుకి తోలేస్తే ఓడ పోతుంది, కానీ శత్రువుకి సున్నా. అప్పుడు బార్నబీ చేసిందీ ప్రిన్సెస్ షార్లెట్ చేసిందీ పిరికితనంగా కనిపించవు. ఎవరి లెక్క వాళ్ళది. రెండోసారి ఆడినప్పుడు మా అమ్మాయి సెంచూరియన్ ఎంతసేపు నిలబడుతుందో చూసుకుంటూ, లంగరు ఇప్పుడు కొయ్యాలా తర్వాత కొయ్యాలా అని గోళ్ళు కొరుక్కుంది. ఒక్క ఫిరంగి పేల్చకుండా అందరికంటే ఎక్కువ టెన్షన్ పడింది తనే.

ఇక పులో అవురా. ఇక్కడ బొమ్మలతో అసలైన ఇబ్బంది ఉంది. డాన్స్ ఆయుధం అనుమానం. బల్ల మీద అనుమానానికి చోటేదీ? బొమ్మ చూడగానే అది ఏ ఓడో తెలిసిపోతుంది, కార్డు ఎదురుగా ఉంటుంది. దీనికి మందు 1824లో ప్రష్యా సైన్యం చేతికొచ్చిన క్రీగ్‌స్పీల్ ఆటలోనే ఉంది. మధ్యవర్తి. ఎవరికి ఏం కనిపిస్తుందో ఆయనే చెబుతాడు. నేను అందులో తేలికైన పద్ధతి తీసుకున్నాను. అన్ని ఓడలకీ ఒకేలాంటి బొమ్మ, అడుగున బోర్లించిన చీటీ. దగ్గరికొచ్చి కాల్చుకుంటే తప్ప చీటీ తిప్పకూడదు. యుద్ధనౌకలు "సున్నానుంచి మూడు దాకా ఉండొచ్చు" అని మాత్రం ఫ్రెంచివాళ్ళకి చెబుతాను.

ఎనిమిది ఓడలతో మా అమ్మాయి డాన్స్, బావ మళ్ళీ లినోవా. ఆయనకి ఇంకో నిబంధన కూడా చెప్పాను. మీ స్థావరం ఎక్కడో మారిషస్‌లో ఉంది, కొయ్య విరిగితే దగ్గర్లో బాగుచేసేవాళ్ళు లేరు, కాబట్టి పెద్ద దెబ్బ తగిలితే ఈ ఆటతో పాటు రాబోయే ఆటలూ పోయినట్టే. రెండు వంతులు కాల్పులు జరిగాయి. మూడో వంతులో బావ ఓడలు తిప్పేశాడు.

"అన్నీ టీ ఓడలే అయ్యుండొచ్చు బావా" అన్నాను, ఉండబట్టలేక.

"అయ్యుండొచ్చు బామ్మర్దీ. స్టెప్నీ లేని బండితో చీకట్లో గుంత ఉందో లేదో చూడ్డానికి నేను స్పీడు పెంచను" అన్నాడు.

రెండొందల ఏళ్ళుగా లినోవాని అందరూ మోసపోయిన వెర్రివాడి కిందే లెక్కేస్తున్నారు. డాన్స్ ఓడలన్నీ యుద్ధనౌకలని ఆయన నమ్మక్కర్లేదు. ఒక్కటి కావచ్చు అనుకుంటే చాలు, లెక్క తిరగబడుతుంది. విశాఖపట్నంలో అంత బలం ఉండీ సెంచూరియన్‌ని పట్టుకుని వదలకుండా ఉండలేకపోవడంలో కూడా నాకు ఈ భయమే కనిపిస్తుంది. చీటీలు తిప్పి చూస్తే ఎనిమిదీ టీ ఓడలే. మా అమ్మాయి ఇల్లెగరగొట్టింది.

అంతా సర్దుతుంటే మా అన్నకొడుకు అడిగాడు. "బాబాయ్, ఇది మన వైజాగ్ కదా. మనవాళ్ళు ఏ ఓడలో ఉన్నారు?"

ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కి చదువుతున్నవాడు, ప్రశ్న సూటిగానే వేశాడు. రెండు నేవీల్లోనూ మనవాళ్ళకి అడ్మిరల్ కుర్చీ లేదు. మనవాళ్ళంటూ ఉంటే ఆ అరటిపండు ఓడల్లోనే ఉంటారు. అప్పట్లో కంపెనీ ఓడలు తెచ్చుకున్న తెల్ల నావికుల్ని దారిలో నేవీ ఓడలు బలవంతంగా లాక్కుపోయేవి. ఆ ఖాళీల్ని నింపింది లస్కర్లు, అంటే మన తీరాల, మన సముద్రాల నావికులు. వాళ్ళ పెద్ద సారంగు. ఆసియా రేవుల మధ్య తిరిగే ఓడలైతే దాదాపు వాళ్ళమీదే నడిచేవి. గోదావరి నోట్లో కోరంగి రేవు ఓడలు కట్టడానికీ బాగుచెయ్యడానికీ పేరు పడ్డది. 1839 తుపానులో దెబ్బతినే దాకా అది గొప్ప రేవు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరికీ అక్కడివాళ్ళు పెట్టిన పేరు "కోరంగీలు". ఓ రేవు పేరు జాతి పేరై కూర్చుందంటే ఎంతమంది అక్కణ్ణించి ఓడెక్కి ఉంటారో ఊహించుకోండి.

మరి ఈ మనుషుల్నేనా కార్డు మీద "సిబ్బంది: నాసి" అని ఒక్క మాటతో తేల్చేసేది? వాళ్ళని కుదుర్చుకుంది ఓడ నడపడానికి. ఎవరో ఇద్దరు రాజుల తగాదాలో ఫిరంగి దగ్గర చావడానికి కాదు. ఋతుపవనాల సంగతి వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పని ఒకటిస్తారు, మార్కులు ఇంకోదానికి వేస్తారు. అప్రైజల్ టైములో మనలో చాలామందికి అనుభవమే :-) అందుకని ఆ ఒక్క గడిని రెండు చేశాను. ఓడ నడపడంలో నేర్పు, పోరాటానికి సిద్ధపడటం. లస్కర్ల ఓడకి మొదటిదాంట్లో పూర్తి మార్కులు. రెండోది తక్కువ, దానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి.

ఈ మార్పుతో ఆట ఫలితాలు పెద్దగా మారలేదు. గాలివాటం బాగున్నప్పుడు తప్పించుకునే ఓడలు కొంచెం పెరిగాయి, అంతే. కానీ కార్డు చదివేటప్పుడు ఆ ఓడలో మనుషులున్నారని తెలుస్తోంది. మేం డేటా మోడల్ గీసేటప్పుడు ఏ కాలమ్ పెట్టం అనుకుంటామో, ఆ మనుషులు రిపోర్టులో ఎప్పటికీ కనిపించరు. ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ రిపోర్టు చూసినవాడు వాళ్ళసలు లేరనే అనుకుంటాడు. చరిత్రకీ డేటాబేస్‌కీ ఈ విషయంలో తేడా లేదు.

ఇప్పుడు మా కార్డుల్లో కెప్టెన్ పేరు కింద "సారంగు" అని ఇంకో గీత ఉంది. పేర్లు దొరకవు కాబట్టి ఖాళీగానే ఉంచాను. వేసవి సెలవుల్లో పిల్లల్ని కోరంగి తీసుకెళ్ళాలి. పక్కనే తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టేవాళ్ళని కూడా చూపించాలి. మా బావ లారీ ఇస్తానన్నాడు గానీ, మిర్చి ఘాటుకి తుమ్ముతూ పోవడం ఇష్టం లేక బస్సులోనే పోదామనుకుంటున్నాం.